తీసివేయుటకు ముందు: పంచాయతీ కంప్యూటరులోని ఉమ్మడి భాగములు

గ్రామ పంచాయతీ కార్యాలయములలో కంప్యూటరు నేడు వింత వస్తువు కాదు. ఇంటిపన్ను పట్టికలు, జనన మరణముల నమోదు, గ్రామసభ తీర్మానములు, పనుల బిల్లులు మున్నగునవి ఆ యంత్రము ద్వారానే నడచుచున్నవి. యంత్రము వచ్చిన నాటినుండి దానిలో ఏవో ప్రోగ్రాములు ఎక్కుచునే యున్నవి. వానిలో కొన్ని నిత్యము పనికివచ్చును. కొన్ని ఒకమారు వాడబడి మూల పడియుండును. కొంతకాలమునకు యంత్రము మందగించును. అక్కరలేనివి తీసివేయుడని ఎవరో సలహా నిత్తురు. సూర్యాపేటనుండియో, కోదాడనుండియో, మిర్యాలగూడనుండియో పని తెలిసిన కుర్రవానిని పిలిపించి, అరగంటలో పది ప్రోగ్రాములను తొలగింపజేయుదురు. యంత్రము కొంత చురుకుదేరును. మరునాడు చూచినచో పాత తీర్మానములలోని తెలుగు అక్షరములు గజిబిజి గుర్తులుగా కనబడును. లేదా సంతకపు కీ పనిచేయకుండును.

అప్పుడు చెల్లింపు ఆగిపోవును. వీధులూడ్చు కార్మికుల వేతనము, మంచినీటి మోటారు మరమ్మతు బిల్లు, వీధిదీపముల ఖర్చు వెనుకబడును. తొలగింపబడిన ప్రోగ్రాములలో సంతకమునకు సంబంధించినది ఒక్కటియు లేదు కదా, ఇట్లేల జరిగెనని సభ్యులు ఆశ్చర్యపడుదురు. ఈ చిక్కు ఎందువలన కలుగునో, కలుగకుండ ఎట్లు జాగ్రత్తపడవలెనో ఈ పాఠములో వివరింపదలచితిమి. కంప్యూటరు విద్య నేర్వని సభ్యులకును ఇది బోధపడును. దీని మూలసూత్రము మన కాలువ గట్లమీద అందరికిని తెలిసినదే.

కాలువ చెప్పు పాఠము

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన గావించిరి. 1967 ఆగస్టు 4వ తేదీన నాటి ప్రధానమంత్రి ఇందిరా గాంధీ కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ కాలువయని పేరు. అది మిర్యాలగూడ ప్రాంతమును తడిపి, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములకు వచ్చి, పాలేరు జలాశయము మీదుగా ఖమ్మము వైపు సాగిపోవును. 2016 అక్టోబరు 11వ తేదీన నల్లగొండ జిల్లా విభజింపబడినది. సూర్యాపేటయు కోదాడయు క్రొత్తగా ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరినవి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. జిల్లా కచేరీలు వేరైనవి, ఫైళ్లు వేరైనవి. కాలువ మాత్రము రెండు జిల్లాలకును ఉమ్మడిగానే యున్నది.

ఈ కాలువ క్రింద ఒక రైతు వరి మాని బత్తాయి తోట వేసి, బోరు నీటితో బిందుసేద్యము చేయ నారంభించెననుకొందము. అతని పొలములోని పంటబోదె అతనికొక్కనికే చెందినది. దానిని పూడ్చుకొనుటకు అతనికి అడ్డు లేదు. కాని ఆ బోదెకు నీరిచ్చు తూము క్రింద మరి ఇరువది కమతములున్నవి. "నాకు కాలువ నీరు అక్కరలేదు, కావున తూమును మూయుదును" అని అతడనరాదు. అతడు తప్పుకొన్నచో ఆయకట్టు పట్టీలో ఒక పేరు తగ్గును, తూము నిలిచియుండును. కొంతకాలమునకు ఆ తూము క్రింది భూములన్నియు ఇండ్ల స్థలములైనచో, అప్పుడు తూమును మూయవలెను. మూయనిచో నీరు వాకిండ్లలోనికి వచ్చును.

ఇందు మూడు సంగతులు గమనింపదగినవి. ఒక్కరిదైన దానిని ఆ ఒక్కరు వదలుకొనవచ్చును. పదిమందిదైన దానిని చివరివాడు విడుచువరకు కాపాడవలెను. చివరివాడు ఎవరో తెలియవలెనన్నచో సరియైన పట్టీ యుండవలెను. కంప్యూటరులో ప్రోగ్రాములను తొలగించు పని యంతయు ఈ మూడు సంగతులమీదనే ఆధారపడియున్నది.

ఉమ్మడి భాగమనగా నేమి?

ప్రోగ్రామనునది ఒకే వస్తువువలె కనబడినను, దానిలో అనేకములైన ఫైళ్లుండును. కొన్ని ఆ ప్రోగ్రామునకే పరిమితమైనవి. మరికొన్ని పలు ప్రోగ్రాములకు సాధారణముగా కావలసిన పనులు చేసిపెట్టునవి: అక్షరములను తెరమీద చూపుట, కాగితముపై ముద్రించుట, తేదీలను లెక్కించుట వంటివి. ఇట్టి పనిని ప్రతి ప్రోగ్రామును తనంతట తాను చేసికొనుటకు మారుగా, ఒక ఫైలులో నుంచి అన్నియు దానినే వాడుకొనును. విండోస్ కంప్యూటరులో ఇట్టి ఫైళ్లకు డి.ఎల్.ఎల్. అని పేరు, అనగా అవసరమైనపుడు వచ్చి కలియు గ్రంథాలయమని భావము. గ్రామ గ్రంథాలయములోని పుస్తకము ఒక్కటియే యైనను పదిమంది చదువుకొనునట్లు, ఒక్క ఫైలు పది ప్రోగ్రాములకు పనికివచ్చును.

డి.ఎల్.ఎల్. ఫైళ్లు మాత్రమే గాక, తెలుగు ఫాంట్లు, ముద్రణయంత్రమును నడపు డ్రైవర్లు, డిజిటల్ కీని గుర్తించు డ్రైవర్లు, జావా వంటి ఆధార ప్రోగ్రాములు కూడ ఉమ్మడి భాగములే.

ఇందు లాభము స్పష్టము. స్థలము ఆదా యగును. ఒక లోపము కనబడినచో ఒక్కచోట సరిదిద్దిన చాలును, అన్ని ప్రోగ్రాములకును మేలు కలుగును. ఆ లాభముతోపాటు ఒక బాధ్యతయు వచ్చును. ఒక ప్రోగ్రామును తొలగించునపుడు దాని సొంత ఫైళ్లను తీసివేసి, ఉమ్మడి ఫైళ్లను ఇతరుల కొరకు నిలుపవలెను. ఒకే సంస్థ తయారుచేసిన రెండు మూడు ప్రోగ్రాములు మన యంత్రములో నున్నపుడు ఈ బాధ్యత మరింత హెచ్చును. అవి అన్నదమ్ములవంటివి. వాని మధ్య ఉమ్మడి ఆస్తి ఎక్కువ.

లెక్క వ్రాయు పద్ధతి

ఏ ఉమ్మడి ఫైలును ఎన్ని ప్రోగ్రాములు వాడుకొనుచున్నవో కంప్యూటరునకు ఎట్లు తెలియును? 1995లో వచ్చిన విండోస్ 95 నాటినుండి ఇందుకొక లెక్క యేర్పడినది. రిజిస్ట్రీ యను లోపలి ఖాతాలో ప్రతి ఉమ్మడి ఫైలు పేరును, దాని ప్రక్కన ఒక అంకెయు వ్రాయబడును. ఒక ప్రోగ్రాము ఎక్కునపుడు అంకె ఒకటి పెరుగును. దిగునపుడు ఒకటి తగ్గును. అంకె సున్న యైనపుడే ఫైలును తీసివేయవచ్చును.

ఉదాహరణమునకు, తెలుగు టైపు ప్రోగ్రాము, బిల్లుల ప్రోగ్రాము, ఫొటోల ప్రోగ్రాము అను మూడును ఒకే ఫైలును వాడుచున్నవనుకొందము. అంకె 3. ఫొటోల ప్రోగ్రామును పద్ధతి ప్రకారము తొలగించితిమి. అంకె 2 అయినది, ఫైలు నిలిచినది. మిగిలిన రెండును నిరాటంకముగ సాగును.

ఈ పద్ధతి మంచిదే. కాని లెక్క వ్రాయువారు తప్పినచో లెక్కయు తప్పును. ఒక ప్రోగ్రాము ఆ ఫైలును వాడుకొనుచునే, తన పేర అంకెను పెంచకపోవచ్చును. అప్పుడు ముగ్గురు వాడుచున్నను లెక్కలో ఇద్దరే యుందురు. ఆ ఇద్దరు దిగిపోగానే అంకె సున్న యగును, ఫైలు పోవును, మూడవది కూలును. అట్లే ఒకే ప్రోగ్రాము రెండుమార్లు ఎక్కింపబడి అంకె రెండు పెరిగినచో, అది దిగిన పిదప కూడ ఒకటి మిగులును. ఫైలు ఎవరికిని పనికిరాక పడియుండును.

ఈ రెండు తప్పులలో ఏది ప్రమాదకరమో సభ్యులు యోచింపవలెను. పనికిరాని ఫైలు మిగిలినచో కొంచెము స్థలము వృథా యగును. పనికివచ్చు ఫైలు పోయినచో పని ఆగును. అందువలననే కొన్ని ప్రోగ్రాములను తొలగించునపుడు తెరమీద ఒక ప్రశ్న కనబడును: ఈ ఉమ్మడి ఫైలును ఇక ఏ ప్రోగ్రామును వాడుట లేదని తోచుచున్నది, తీసివేయమందురా? అని. నిశ్చయముగ తెలియనపుడు "వద్దు" అని చెప్పుటయే క్షేమము.

పేర్ల పట్టీ పద్ధతి

ఉత్త అంకె కన్న పేర్ల పట్టీ మేలని తరువాత గ్రహించిరి. 1999లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఆఫీస్ 2000తోపాటు విండోస్ ఇన్‌స్టాలర్ అను క్రొత్త పద్ధతిని తెచ్చినది. ఇందులో ప్రతి భాగమునకు మరి దేనికిని లేని ఒక గుర్తు సంఖ్య యుండును. ఆ భాగమును వాడుకొను ప్రోగ్రాముల పేర్లు దాని క్రింద వ్రాయబడును. "ఎందరు?" అను ప్రశ్నకే గాక "ఎవరెవరు?" అను ప్రశ్నకును జవాబు దొరకును. పట్టీలోని చివరి ప్రోగ్రాము దిగినపుడే భాగము తొలగును. ఎన్నటికిని తీసివేయరాదని తలచిన భాగమునకు "శాశ్వతము" అను గుర్తు పెట్టుటకును వీలు కలదు.

ఇందును ఒక షరతు కలదు. ఒకే సంస్థలోని రెండు బృందములు రెండు ప్రోగ్రాములను తయారుచేసి, ఒకే చోట ఉంచవలసిన ఒకే ఫైలునకు రెండు వేర్వేరు గుర్తు సంఖ్యలిచ్చినవనుకొందము. పట్టీ దృష్టిలో అవి రెండు భాగములు. వాస్తవముగ ఫైలు ఒక్కటే. మొదటి ప్రోగ్రామును తొలగించునపుడు దాని పట్టీలో ఇంకెవ్వరును కనబడరు గనుక ఫైలు తీసివేయబడును. రెండవ ప్రోగ్రాము ఆధారము లేక కూలును. ఒకే బావికి ఇద్దరు పట్వారీలు రెండు సర్వే నంబర్లు వ్రాసినట్లే ఇది. ఒక నంబరు కొట్టివేసి బావిని పూడ్చినచో, రెండవ నంబరువాని చేను ఎండును. కావున సంబంధముగల ప్రోగ్రాములను తయారుచేయువారు ఉమ్మడి భాగమునకు ఒకే గుర్తు నిచ్చి, రెండింటిలోను దానినే వాడవలెను.

మరియొక మార్గము ఉమ్మడి భాగమును వేరుగా ఎక్కించుట. అప్పుడు దానిని ఏ ప్రోగ్రామును తనతో తీసికొనిపోదు. ఇంకొక మార్గము ప్రతి ప్రోగ్రామును తనకు కావలసిన కాలపు ప్రతిని తానే ఉంచుకొనుట. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఒకే ఫైలు యొక్క వేర్వేరు కాలపు ప్రతులను ప్రక్కప్రక్కన నిలుపు సౌకర్యము కల్పింపబడినది. స్థలము కొంత ఎక్కువ పట్టును, తగవు తగ్గును.

విండోస్ వాడని యంత్రములలోను ఇదే విచారము కలదు. మన దేశములో సీ-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్, డెబియన్ అను వ్యవస్థపై ఆధారపడినది. అందు ప్రతి ప్రోగ్రామును తనకు ఏయే భాగములు కావలెనో ముందుగనే చెప్పుకొనును. మనము కోరి ఎక్కించినది ఏదో, దానికి తోడుగా తనంతట వచ్చినది ఏదో వేరువేరుగా గుర్తింపబడును. తోడుగా వచ్చిన భాగము ఎవరికిని అక్కరలేనపుడు, ఆ సంగతి మనకు తెలిపి, మన ఆజ్ఞపై తొలగించును.

కార్యాలయములో ఎదురగు నాలుగు సందర్భములు

ఒకటి: విజువల్ సీ ప్లస్ ప్లస్ పట్టిక. యంత్రములో ఎక్కిన ప్రోగ్రాముల పట్టికను తెరచినచో "మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్" అను పేరు పలుమార్లు కనబడును. ప్రక్కన 2005, 2008, 2010, 2013 అని సంవత్సరములుండును. వీనిని మనమెన్నడును తెరచియుండము గనుక, పాతవి, దండుగవి యని తొలగించువారు కలరు. ఇవి వేరుగా ఎక్కింపబడిన ఉమ్మడి భాగములు. 2008 నాటి దానిమీద ఆధారపడిన ప్రోగ్రామునకు 2013 నాటిది పనికిరాదు. 2015 తరువాత 2022 వరకు వచ్చినవి మాత్రము ఒకే భాగముగ సాగినవి. ఇవి చోటు ఎక్కువ పట్టవు. వీనిని కదలింపక వదలుట మేలు.

రెండు: తెలుగు ఫాంట్లు. యూనికోడ్ పద్ధతి వ్యాపింపక ముందు తెలుగు టైపు చేయుటకు అను ఫాంట్లవంటివి విరివిగ వాడబడినవి. ముద్రణ పనులలో నేటికిని వాడుకలో నున్నవి. ఆ పద్ధతిలో ఫైలులో వాస్తవముగ నుండునది ఇతర అక్షరముల సంకేతములు. ఫాంటు వానికి తెలుగు రూపమును తొడుగును. టైపు ప్రోగ్రాముతోపాటు ఫాంట్లును తొలగింపబడినచో, వర్డులో దాచిన పదేండ్ల తీర్మానములును గజిబిజి యగును. వ్రాత చెడలేదు, ఫాంటును తిరిగి ఎక్కించినచో కనబడును. ఈ సంగతి తెలియక, ఫైళ్లు పాడైనవని తుడిచివేసినచో మాత్రము తీరని నష్టము. కావున టైపు ప్రోగ్రామును తొలగించుటకు ముందు దాని ఫాంట్లను వేరుగా భద్రపరచవలెను. ముఖ్యమైన పాత తీర్మానములను యూనికోడ్‌లోనికి మార్చుకొనుటయు, పీడీఎఫ్ ప్రతులు తీసియుంచుటయు మంచిది.

మూడు: డిజిటల్ కీ. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకమునకు చట్టబద్ధత కల్పించినది. ఆ చట్టము 2000 అక్టోబరు 17వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. మన కార్యాలయములలో "కీ" అని పిలుచు చిన్న పరికరములో సంతకపు రహస్యము దాగియుండును. దానిని గుర్తించుటకు కంప్యూటరులో ఒక డ్రైవరు కావలెను. ఇద్దరు అధికారుల కీలు ఒకే రకమువైనచో, రెండింటికిని డ్రైవరు ఒక్కటే. ఒకరి కీకి గడువు తీరినదని దానితోపాటు డ్రైవరును తొలగించినచో రెండవవారి సంతకమును ఆగును. కొన్ని సంతకపు ప్రోగ్రాములు జావాపై ఆధారపడియుండును. జావాను ఎవరును తెరచి చూడరు గనుక అదియు తొలగింపునకు గురియగును. డ్రైవరు పోయినంత మాత్రమున కీలోని సంతకము పోదు. డ్రైవరును తిరిగి ఎక్కించిన చాలును. అట్లుగాక, కీ పనిచేయుట లేదని దానినే ఫార్మాట్ చేసినచో లోపలి సంతకము నశించును. క్రొత్త సంతకపు పత్రమును తెచ్చుకొనవలసివచ్చును. ఈ భేదమును కార్యదర్శియు సభ్యులును గట్టిగ గుర్తుంచుకొనవలెను.

నాలుగు: అన్నదమ్ముల ప్రోగ్రాములు. ఒకే యంత్రములో ఆఫీస్ ప్రోగ్రాముల పాత ప్రతి, క్రొత్త ప్రతి రెండును ఉండవచ్చును. వానికి ఉమ్మడి ఫైళ్లు పలు కలవు. పాతదానిని తొలగించిన పిదప క్రొత్తది ఏదైన చిక్కు చూపినచో, దానిని తొలగించి మరల ఎక్కింప నక్కరలేదు. ప్రోగ్రాముల పట్టికలో "రిపేర్" అను మరమ్మతు అవకాశముండును. అది తనకు కావలసిన ఫైళ్లు ఉన్నవో లేవో సరిచూచుకొని, లేనివానిని పూరించుకొనును.

దేశమంతటికిని ఉమ్మడియైన పట్టీ

ఒక యంత్రమునకే గాక, దేశములోని పంచాయతీలన్నిటికిని ఈ సూత్రము వర్తించిన ఉదాహరణము కలదు. భారత ప్రభుత్వ పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ పంచాయతీల కొరకు పలు ప్రోగ్రాముల నొక సముదాయముగ నడిపినది. ప్రణాళికలకు ప్లాన్‌ప్లస్, జమాఖర్చులకు ప్రియాసాఫ్ట్, పనుల ప్రగతికి యాక్షన్‌సాఫ్ట్ అను పేర్లు గలవి అందులోనివి. ఏ పంచాయతీ ఏ మండలములోనిది, ఏ జిల్లాలోనిది అను విషయమును ప్రతి ప్రోగ్రామును విడివిడిగ వ్రాసికొన్నచో పొరపాట్లకు అంతుండదు. అందుకొరకు లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ అను ఒక ఉమ్మడి పట్టీ ఏర్పడినది. జిల్లాకు, మండలమునకు, గ్రామ పంచాయతీకి అందు ఒక్కొక్క సంఖ్య కలదు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చినది. ఆ దినమును స్మరించు జాతీయ పంచాయతీరాజ్ దినమున, 2020 ఏప్రిల్ 24వ తేదీన, ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఈ-గ్రామ్‌స్వరాజ్‌ను ప్రారంభించిరి. వేర్వేరుగా నడచిన ప్రణాళిక, పద్దు, పనుల ప్రగతి ఒకే చోట చేరినవి. పాత ప్రోగ్రాములు తప్పుకొన్నవి. వానితోపాటు ఉమ్మడి పట్టీ తొలగింపబడలేదు. క్రొత్త వ్యవస్థయు ఆ పట్టీ ఆధారముగనే పంచాయతీలను గుర్తించుచున్నది.

2016 నాటి జిల్లా విభజనను ఇక్కడ మరల తలచుకొనుట ఉచితము. కోదాడ ప్రాంతపు గ్రామము నల్లగొండ జిల్లానుండి సూర్యాపేట జిల్లాకు మారినపుడు, ఆ మార్పును ఉమ్మడి పట్టీలో నమోదు చేసిన చాలును; దానిపై ఆధారపడు ప్రోగ్రాములన్నియు అందుండి గ్రహింపగలవు. ప్రోగ్రాములు కాలానుగుణముగ వచ్చును, పోవును. అన్నిటికిని ఆధారమైన భాగమును గుర్తించి నిలుపుకొనుట పాలకుల పని.

తొలగించు క్రమము

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. అందుచే పాత యంత్రములను చక్కదిద్దు పనియు, క్రొత్తవానికి మారు పనియు పలుచోట్ల సాగుచున్నది. ఇట్టి సమయమున ఈ క్రింది క్రమమును పాటింపవలెనని సూచించుచున్నాము.

1. మొదట పంచాయతీ రికార్డులన్నిటిని వేరొక డిస్కులోనికి ప్రతి తీయవలెను. ప్రోగ్రామును తొలగించుటయు రికార్డును తొలగించుటయు వేర్వేరు పనులే. అయినను ప్రతి లేకుండ ఏ మరమ్మతునకును దిగరాదు.

2. ఎక్కిన ప్రోగ్రాముల పట్టికను పేరు, సంవత్సరము, తయారుచేసిన సంస్థ వివరములతో వ్రాసికొనవలెను. ఒకే సంస్థ పేరు గలవానిని ఒకచోట చేర్చి చూడవలెను. ఉమ్మడి భాగములు ఎక్కడ నుండవచ్చునో అందువలన కొంత తెలియును.

3. తొలగింపదలచిన దానిని ఎవరెవరు వాడుచున్నారో కార్యదర్శిని, కంప్యూటరు ఆపరేటరును, బిల్లులు చూచువారిని అడుగవలెను. ఏడాదికొకమారు పన్నుల కాలములోనే వాడు ప్రోగ్రామును మరువరాదు.

4. చెల్లింపులు జరుగవలసిన దినములలో ఈ పని పెట్టుకొనరాదు.

5. వెనుకకు మరలుటకు వీలుగ, విండోస్‌లోని "రిస్టోర్ పాయింట్" అను గుర్తును ముందుగ ఏర్పరచుకొనవలెను.

6. ప్రోగ్రాముల పట్టికనుండి పద్ధతి ప్రకారమే తొలగింపవలెను. ప్రోగ్రాము ఉన్న ఫోల్డరును చేతితో తుడిచివేయరాదు. అట్లు చేసినచో ఖాతాలోని అంకె తగ్గదు, పట్టీలోని పేరు పోదు. కొన్ని ఫైళ్లు అనాథలుగ మిగులును.

7. ఒక్కొక్క ప్రోగ్రామునే తొలగించి, యంత్రమును ఆపి మరల నడిపి, తెలుగు టైపు, ముద్రణ, సంతకము, ఈ-గ్రామ్‌స్వరాజ్ ప్రవేశము అను నాలుగింటిని పరీక్షింపవలెను. పది కలిపి తొలగించినచో ఏది కారణమో తెలియదు.

8. ఉమ్మడి ఫైలును గూర్చి యంత్రము ప్రశ్నించినపుడు, రూఢిగ తెలియనిచో "వద్దు" అనవలెను.

పొరపాటు జరిగినచో

తొందరపడి మరికొన్నిటిని తొలగింపరాదు. చిక్కుపడిన ప్రోగ్రామును ముందుగ "రిపేర్" చేయించి చూడవలెను. దానితో కుదురనిచో, పోయిన ఉమ్మడి భాగమును తయారుచేసిన సంస్థనుండియే తెచ్చి ఎక్కింపవలెను. డ్రైవరైనచో కీ నిచ్చినవారి యొద్దనుండి తీసికొనవలెను. అదియు కాకున్న రిస్టోర్ పాయింటునకు మరలవలెను.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఫలానా డి.ఎల్.ఎల్. లేదని తెరమీద కనబడగానే, ఆ ఒక్క ఫైలును ఉచితముగ నిత్తుమను అపరిచిత స్థలముల నుండి తెచ్చుకొనరాదు. ఆ ఫైలు ఏ కాలపుదో తెలియదు. దానిలో దొంగ ప్రోగ్రాము దాగియుండవచ్చును. పంచాయతీ సొమ్ము చెల్లించు యంత్రములో అట్టి దానిని పెట్టుట, ఖజానా పెట్టె తాళపుచెవిని బాటసారి చేతికిచ్చుటయే.

రిజిస్టరు ఉంచుట

కంప్యూటరు పంచాయతీ ఆస్తి. బల్లలు, కుర్చీలు, మోటార్లు స్టాకు రిజిస్టరులో ఎక్కినట్లే, యంత్రములోని ప్రోగ్రాములును ఒక రిజిస్టరులో ఎక్కవలెను. ఆరు గళ్లు చాలును: ప్రోగ్రాము పేరు, ఎక్కించిన తేదీ, ఎవరు, ఏ పనికి వాడుదురు, దానితోపాటు వచ్చిన ఉమ్మడి భాగములు, తొలగించిన తేదీ, కారణము, పిదప చేసిన పరీక్షల ఫలితము. మూడవ, నాలుగవ గళ్లు అన్నిటికన్న ముఖ్యము. కంప్యూటరు లోపలి పట్టీ ప్రోగ్రాములనే యెరుగును. దాని వెనుకనున్న మనుష్యులను, వారి పనులను ఎరుగదు. ఆ లోటును మన రిజిస్టరు తీర్చును. కార్యదర్శి బదిలీయై క్రొత్తవారు వచ్చినపుడు ఈ రిజిస్టరు విలువ తెలియును.

పంచాయతీ తన సొమ్ముతో ఏదైన ప్రోగ్రామును కొనునపుడు, అమ్మువారిని మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను వ్రాతమూలకముగ తీసికొనవలెను. ఇది యంత్రములో ఏ ఉమ్మడి భాగములను ఉంచును? దీనిని తొలగించినపుడు ఏవి పోవును, ఏవి నిలుచును? తొలగించిన తరువాత మా రికార్డులు మాకు చదువదగిన రూపమున మిగులునా? ఈ మూడింటికి జవాబు చెప్పలేనివారి యొద్ద కొనుటకు ముందు సభ్యులు మరల ఆలోచింపవలెను.

చర్చకు ప్రశ్నలు

ఈ పాఠమును రాబోవు సమావేశములో చదివించి, క్రింది ప్రశ్నలను చర్చింపవలసినదిగ సభ్యులను కోరుచున్నాము. మన కార్యాలయపు కంప్యూటరులో నేడు ఎన్ని ప్రోగ్రాములున్నవి? వానిలో మనము నిత్యము వాడునవి ఎన్ని? మన పాత తీర్మానములు ఏ ఫాంటులో నున్నవి, ఆ ఫాంటు యొక్క ప్రతి ఎవరి యొద్ద భద్రముగ నున్నది? ఇద్దరి కీలకు డ్రైవరు ఒక్కటేనా? రికార్డుల ప్రతి చివరిసారి ఏ తేదీన తీయబడినది? వీనిలో ఏ ప్రశ్నకైన సమాధానము దొరకనిచో, ఆ విషయమును రిజిస్టరు మొదటి పుటలో వ్రాసి, అందుండియే పని ప్రారంభింపవలెను. రిజిస్టరు తెరచు పనికి డబ్బు ఖర్చు లేదు. ఒక పూట కార్యదర్శియు ఇద్దరు సభ్యులును కూర్చున్నచో పూర్తియగును.